అరకిలో శుద్ధి

ఆ రోజు షెడ్డులో ఉన్న వస్తువులు: రెండు లీటర్ల స్టీలు పాత్ర, దాని హీటరు, ప్రెషర్ గేజి, ఒక శాలువా, సమోసాల పళ్లెం, గోడవారన ఫ్లై యాష్ సంచులు. ఉన్న మనుషులు: మా మేనేజరు, తనిఖీకి వచ్చిన ఆఫీసరు, నన్ను పలకరించడానికి ముదినేపల్లి నుంచి వచ్చిన చేపల చెరువు రైతు, నేను. రైతు మాకు చుట్టం కాదు. చర్చిలో నాన్నకు పరిచయం. నేను మావయ్యా అంటాను.

మాది బందరు శివారులో చెత్త కాల్చే ప్లాంటు. పొగలోని ఆమ్లానికి విరుగుడుగా సున్నం చల్లుతాం. ఆ సున్నం, చెత్తలోని సీసం, కాడ్మియం, డయాక్సిన్లనే విషాలు అన్నీ కలిసి వడపోతలో తెల్లటి బూడిదగా దిగుతాయి. ఫ్లై యాష్ అంటే అదే. దాన్ని నీళ్లతో, కాస్టిక్ సోడాతో కలిపి, బిగించిన పాత్రలో గంటల తరబడి వేడిచేస్తే డయాక్సిన్లు చాలావరకు విడిపోతాయి, లోహాలు గట్టి స్ఫటికాల్లో చిక్కుకుంటాయి. ఆ పని నాది. విడతకు అరకిలో పడుతుంది.

మేనేజరు ఆ పాత్రను కుక్కరు అనేవాడు. ఆఫీసరు గేజి వంక చూడనే లేదు. ఫొటో కోసం కాలరు సర్దుకున్నాడు.

"అయితే ఇక విషం లేనట్టేగా?"

"చుక్క కూడా లేదండీ," అన్నాడు మేనేజరు.

ఈలోగా మావయ్య గోడవారన ఒక సంచి మూతి విప్పాడు. చెరువు నీళ్లు పులిస్తే సున్నం చల్లడం వాళ్లకు మామూలు. నీళ్ల పులుపు చూసే పీహెచ్ కాగితాలు ఎప్పుడూ జేబులోనే ఉంటాయి. చిటికెడు బూడిద గ్లాసు నీళ్లలో కలిపి కాగితం ముంచాడు. ముదురు నీలానికి తిరిగింది.

"సున్నమేరా అల్లుడూ! మంచి ఘాటుగా ఉంది."

"సున్నం ఒక్కటే కాదు మావయ్యా, సీసం కూడా ఉంది. ఈ సంచులు శుద్ధి చెయ్యలేదు."

"సీసమైతే బరువుండాలిగా? ఇది పౌడరులా ఎగురుతుంటేనూ!"

మేనేజరు నవ్వాడు. "మావాడికి అనుమానాలు ఎక్కువండీ. మీరు కావాల్సినన్ని పట్టుకెళ్లండి."

"సార్, శుద్ధి చేసింది అరకిలో."

"పద్ధతి ఒకటేగా?" అన్నాడు ఆఫీసరు, సమోసా నములుతూ. ఈ మాట అనడానికి ఆయనకు ఇంజనీరింగు డిగ్రీ కావలసి వచ్చింది.

ముప్పై సంచులు మావయ్య పిలిపించిన ట్రక్కు ఆటోలోకి ఎక్కాయి.

"ఆ చేపలు తినేది మనుషులే మావయ్యా," అన్నాను.

"ఉద్యోగం కొత్త కదా, అన్నిటికీ భయపడుతున్నావ్. క్రిస్మస్‌కి మీ అమ్మకి పెద్ద బొచ్చె చేప పంపిస్తాలే."

నేను గేటు మూయించవచ్చు. ఆటోకి అడ్డంగా నిలబడవచ్చు. మేనేజరు సాయంత్రానికి రిపోర్టు కావాలన్నాడు. నేను కూర్చుని టైపు చేశాను. పట్టికలో గీతలు సమంగా వచ్చేదాకా మూడుసార్లు సరిదిద్దాను. వాళ్లిద్దరి మీద నాకు పుట్టిన ఏవగింపులో కొంత వాటా నాకూ రావాలి.

మర్నాడు పొద్దున్నే బండి మీద బంటుమిల్లి మీదుగా మావయ్య చెరువుకు వెళ్లాను. మావయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చేటతో బూడిద చల్లుతున్నాడు. అంచు వెంబడి నీళ్లు పాలలా ఉన్నాయి. శుద్ధి చెయ్యని బూడిదలో సీసం ఎంతో చూపించే ల్యాబ్ కాగితం చేతికిచ్చాను. తడిచేత్తోనే పట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఇది నిన్న చెప్పొచ్చుగా?"

"చెప్పాను మావయ్యా."

"నోటితో చెప్పావురా. కాగితం ఇవ్వలేదుగా!"

చేట గట్టు మీదకు విసిరేసి ఒడ్డుకు వచ్చాడు. గట్టు మీద విప్పని సంచులు నాలుగు. చెరువులో కలిసినవి ఇరవై ఆరు.