రేపు గడిలో నిలబెట్టిన పిల్ల

గుడివాడలో మేముంటున్న ఇంటి కింది వాటాలో సాయంత్రమయ్యేసరికి ట్యూషన్ పిల్లలు ఎస్టర్‌డే, టుడే, టుమారో అని గొంతు చించుకుంటారు. మీలో పంతులమ్మలుగా చేసినవాళ్ళకి అది హాయిగానే ఉంటుందేమో గానీ, నాకు మాత్రం ఆ మూడో మాట వినపడగానే లేచి కిటికీ మూసేయాలనిపిస్తుంది.

ట్రైనింగ్ అయ్యాక మొదటి ఉద్యోగం నాకు నాగాయలంక అవతల, చేపలు పట్టుకునేవాళ్ళ పల్లెలో వచ్చింది. బందరులో పుట్టి పెరిగినదాన్ని, నాకంటే తెలిసినవాళ్ళు లేరన్న పొగరు కాస్త ఎక్కువే. కాలం చెప్పే ఇంగ్లీషు మాటలు పిల్లల బుర్రకెక్కడానికి బడి అరుగు మీద సుద్దతో తొక్కుడుబిళ్ళ గడులు మూడు గీసి, వాటికి నిన్న, ఈరోజు, రేపు అని పేర్లు పెట్టాను. ఏ గడిలోకి గెంతితే ఆ మాటతో తమ ఇంటి సంగతి ఒకటి ఇంగ్లీషులో చెప్పాలి. పిల్లలు ఎగబడి గెంతుతుంటే నేను మురిసిపోయేదాన్ని.

ఒక పిల్ల మాత్రం, మీ నాన్న ఎప్పుడొస్తాడో చెప్పమంటే, రేపు గడి అంచున ఆగిపోయేది. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో ఇంట్లోవాళ్ళు నోటితో అనకూడదని అక్కడ పట్టింపు. నాకది తెలుసండీ, తెలియక చేసిన తప్పు కాదు. ప్రార్థన చేసుకునే ఇంట్లో పెరిగినదాన్ని, ఇలాంటివి చదువుతోనే వదలగొట్టాలనుకున్నాను. వాళ్ళ నాన్న వేటకెళ్ళి ఉన్న ఒకరోజు, భుజం పట్టుకుని గడిలో నిలబెట్టి, మా నాన్న రేపు వస్తాడని ఇంగ్లీషులో అనేదాకా వదల్లేదు. పాపం, ఒక్క తప్పు లేకుండా అంది. పిల్లలందరిచేతా చప్పట్లు కొట్టించాను.

మర్నాడు గాలి లేచింది. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఒడ్డుకు చేరారు, ఆ పిల్ల నాన్న చేరలేదు.

పదిహేను రోజులకి తల్లి బడికొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. తను అనబట్టే నాన్న రాలేదని పిల్ల అన్నం ముట్టడం లేదని, ఎవరు చెప్పినా వినడం లేదని, "మీరొక్కసారి వచ్చి నీ తప్పేం లేదని చెప్పండమ్మా" అని బతిమాలింది. వస్తానన్నాను. వెళ్ళలేదు. ఆ గుమ్మం ముందు నిలబడే ముఖం లేక, ఇవాళ కాదులే, ఇవాళ కాదులే అనుకుంటూ నెల గడిపేశాను. ఈలోగా ఘంటసాల వైపు బదిలీ వస్తే సంతోషంగా, అవును, సంతోషంగానే బస్సెక్కాను. అప్పటికీ ఆ పిల్ల బడికి రావడం లేదు.

ఇప్పుడు పడవల్లో సెల్‌ఫోన్లున్నాయి, గాలివాన కబురు ముందే అందుతోంది, ఎన్నింటికొస్తావని ఒడ్డు మీది ఆడవాళ్ళు కేకేసి మరీ అడుగుతున్నారట. ఆ పట్టింపు పల్లెలో ఇప్పుడెవరికీ లేదని అప్పటి నా తోటి టీచరు ఈమధ్య చెప్పింది. నేను వదలగొట్టాలనుకున్నది దానంతటదే వదిలిపోయింది. నాకే అంటుకుంది. మా ఆయన సంచి పట్టుకుని బజారుకి బయలుదేరినా సరే, ఎప్పుడొస్తారని అడగడానికి నోరు రాదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా తలుపు పట్టుకుని చూస్తూ ఉండిపోతాను.