మెడలు వాల్చిన బాతులు

ఆవిడ వృత్తికి దర్జీ. అయినా వీధిలో అందరూ ‘దుర్భిణి అత్తయ్య’ అనే పిలుస్తారు. పందొమ్మిదేళ్ళుగా, చలికాలం వచ్చిందంటే చాలు, కొట్టు తెరిచే ముందు మెడలో దుర్భిణి వేసుకుని సరస్సు పక్క చిత్తడిలోకి వెళ్ళి వలస పక్షుల్ని లెక్కపెట్టి వస్తుంది. “వాటికీ చొక్కాలు కుడతావేంటి, రోజూ కొలతలకెళ్తున్నావ్?” అని భర్త ఆటపట్టించేవాడు. ఆయన అదే సరస్సుకు తూము కాపలాదారు.

ఆ ఏడు చలి ఆలస్యమైంది. నీళ్ళు గోరువెచ్చగా, కదలక మెదలక పడి ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే రెల్లు పక్కన నిలబడేసరికి ఆవిడకేదో తేడాగా అనిపించింది. కాసేపటికి గాని అదేమిటో తెలియలేదు. చప్పుడు లేదు. వందలకొద్దీ బాతులు నీటి అంచున కూర్చునే ఉన్నాయి, ఒక్కటీ అరవడం లేదు.

మామూలుగా అల్లంత దూరాన మనిషి అలికిడికే లేచిపోయే పిట్టలు. ఆవిడ దగ్గరకు నడిచింది. ఆవిడ కాలికి తగిలేంత దగ్గరకు వెళ్ళినా అవి కదల్లేదు. కళ్ళు మాత్రం ఆవిడ ఎటు వెళితే అటు తిరుగుతున్నాయి. వంగి ఒకదాన్ని ఎత్తింది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. మెడ మాత్రం తడిగుడ్డలా చేతిమీంచి జారిపోయింది. పక్కనున్న బాతు, ఆవిడ చూస్తుండగానే, తల మెల్లగా నీళ్ళలోకి దించింది. రెండు బుడగలు పైకొచ్చాయి. తల మళ్ళీ లేవలేదు.

కబురందుకుని పశువుల డాక్టరు వచ్చాడు. “నిలవనీళ్ళ బురదలో పుట్టే విషమమ్మా ఇది. బలమంతా లాగేస్తుంది కానీ మెలకువ పోదు. వాటికన్నీ తెలుస్తూనే ఉంటాయి.”

“బతుకుతాయా?”

“తల నీళ్ళలో పడకుండా చూసి, చుక్కచుక్కగా మంచినీళ్ళు పోస్తే కొన్ని బతకొచ్చు. ఎన్నిటికని చేస్తారు?”

“మోయగలిగినన్నిటికి.”

ఆవిడ తిన్నగా తూము దగ్గరకెళ్ళింది. “ఏమండీ, కొత్తనీళ్ళు వదలండి.”

“పైవాళ్ళు చెప్పకుండా తలుపెత్తితే నా ఉద్యోగం ఊడుతుందే!”

ఆవిడ చేతిలోని బాతును ఆయన చేతుల్లో పెట్టింది. “ఇది నన్నిలా చూస్తుందేంటే...” అంటూ ఆయన తడబడ్డాడు. కాసేపటికి దాన్ని ఆవిడకిచ్చేసి, వెళ్ళి తూము తలుపెత్తాడు.

సాయంత్రానికి ఇంట్లో అరవై ఒక్క బాతులు. స్నానాల గదిలో, మంచం కింద, కుట్టుమిషను చుట్టూ. ఆవిడ గుడ్డముక్కలు చుట్టి, ఒక్కో మెడ కింద ఒక్కో దిండు పెట్టింది. ఇంటినిండా ప్రాణాలున్నా చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

“నా వంకే చూస్తున్నాయే! ముద్ద దిగట్లేదు,” అని అత్తగారు కుర్చీని గోడవైపు తిప్పుకుంది. ఆ వెంటనే మళ్ళీ ఇటు తిప్పేసుకుంది. “వెనకనుంచి చూస్తుంటే ఇంకా భయమేస్తోంది.”

చచ్చినవి కూడా కళ్ళు తెరిచే ఉండేవి. ఏది ఉందో, ఏది పోయిందో చూపుకు తెలిసేది కాదు. పొద్దున్నే ఒక్కోదాని గుండెమీద చెయ్యి వేసి చూడాల్సి వచ్చేది. చల్లగా తగిలినదాన్ని ఆవిడ గుడ్డలో చుట్టి బయటపెట్టేది.

అయిదోరోజు ఉదయం స్నానాల గదిలో ఒక మెడ దిండుమీంచి లేచింది. అటూ ఇటూ ఊగింది, నిలబడింది. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు. మొత్తం ముప్ఫై ఎనిమిది బతికి బట్టకట్టాయి. వాటిని బుట్టల్లో మోసుకెళ్ళి కొత్తనీళ్ళలో వదిలారు. తూము తలుపెత్తినందుకు భర్తను నెలరోజులు విధుల్లోంచి తప్పించారు. ఆయన ఆ నెలంతా చిత్తడిలో చచ్చిన బాతుల్ని ఏరి పూడ్చాడు.

ఇప్పటికీ ఆవిడ లెక్కకు వెళుతుంది. గుంపు మరీ నిశ్శబ్దంగా కూర్చుని ఉంటే మాత్రం చప్పట్లు కొడుతుంది.

“చూడ్డానికొచ్చి తోలేస్తావేంటి?” అంటాడు భర్త.

“ఉండండి,” అంటుంది ఆవిడ, చేతులు ఆపకుండా. “ఆ చివరిది ఇంకా లేవలేదు.”