అవ్వ డయాంథస్ మడి

నౌకరీ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు జీతం వస్తోంది, తెలివి పోయింది.) అందుకే ఆపరేషన్ కోసం కరీంనగర్ ఆసుపత్రికి పోతూ అవ్వ తన డయాంథస్ మొక్కల గురించి చెబుతుంటే సగమే విన్నాను. ఖానాపూర్‌లో మా ఇంటి మెట్ల పక్కన, నేలను అంటుకుని జానెడు ఎత్తున పూసే ఆ లేత గులాబీ పూలను, మా ఎండలకు గోనెపట్టా నీడ కట్టి, రెండు వేసవులు దాటించింది అవ్వ. ఈ క్రిస్మస్‌కు చర్చిలో ప్రభువు బల్ల మీద తన పూలే పెట్టాలని ఆమె ఆశ. "మన్ను ఎండినంకనే నీళ్లు పొయ్యి బిడ్డా" అని రెండుసార్లు చెప్పింది.

పొద్దున నేను పోశాను. సాయంత్రం బాపు, నాకు చెప్పకుండా, పోశాడు. ఆయన బుద్ధెరిగినప్పటి నుంచి సాగు చేసింది వరి ఒక్కటే. పూలమడి చుట్టూ కూడా ఒడ్డు పెట్టి నీళ్లు నిలిపాడు. ఆకులు వాలిపోతే దాహమనుకుని ఇద్దరం ఇంకో బిందె పోశాం. వారం తిరక్కముందే మొదళ్లు కుళ్లి, పట్టుకుంటే చేతికి వచ్చేశాయి. అదే పూట అవ్వ ఫోన్. "మొగ్గలేసినయా బిడ్డా?" "మస్తుగ ఏసినయవ్వా" అన్నాను. పక్కన బాపు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆసుపత్రి మంచం మీద నుంచి ఆమె అడిగేది ఆ ఒక్క సంగతే మరి.

నిర్మల్‌లో నర్సరీకి పరుగెత్తాను. ముదురు ఎరుపువి తప్ప దొరకలేదు. "రంగెవలు సూస్తరుర, జల్ది నాటు" అన్నాడు బాపు. ఆ హడావుడిలోనే నాటేశాం.

అవ్వ ఆటో దిగి, లోపలికి రాకుండా మెట్టు మీదే కూర్చుంది. ఒక మొక్కను పట్టి మెల్లగా లాగింది. నర్సరీ వాళ్ల నల్ల కవరుతో సహా బయటికొచ్చింది! కుట్ల మీద చెయ్యి అదిమిపెట్టి నవ్వుతూ, "పూలు సచ్చినయని చెప్తె నేను గూడ సస్తననుకున్నరా?" అంది. బాపూ నేనూ తలలు వంచుకున్నాం.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కవరు ఎట్లా చింపాలో, వాడిన పూలు ఎక్కడ తుంచాలో, కొమ్మను కణుపు కింద కోసి ఇసుకలో ఎట్లా గుచ్చాలో ఒక్కొక్కటే నా చేత చేయించింది. "యాది పెట్టుకో" అంది ప్రతిదానికీ. క్రిస్మస్‌కు ఆ ఎర్ర పూలను చర్చికి నేనే తీసుకుపోయాను. అప్పటికి అవ్వ లేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసే వస్తాయి. ఆ మధ్యాహ్నం ఆమె తన మొక్కలను నాకు అప్పగిస్తుంటే, నేనేమో తిట్లు తప్పాయని సంబరపడుతూ కూర్చున్నాను.