కూసిన పెట్ట

హాజరు పుస్తకంలో ఆమెకో పేరుంది. కోడిగుడ్లను పొదిగించే ఆ షెడ్డులో మాత్రం అందరికీ కళ్లమ్మే. గుడ్డు పగిలి ఒక పూట కూడా గడవని పిల్లను ఎడమ అరచేతిలో వెల్లకిలా పట్టి, తోక కింద బొటనవేలితో నొక్కి, బల్బు వెలుగులో ఒక్క చూపు చూసేది. గసగసాల గింజంత బుడిపె కనబడితే పుంజు, లేకపోతే పెట్ట. పెట్ట ఎడమవైపు ట్రేలోకి, పుంజు కుడివైపు సంచిలోకి. ఆ జాతి పుంజు గుడ్లెలాగూ పెట్టదు, కండా పట్టదు. అందుకే సంచి నిండగానే మూతి బిగించేస్తారు. మళ్లీ విప్పరు.

ఇరవై ఎనిమిదేళ్లుగా అదే స్టూలు. వందకి ఒకటి, మహా అయితే రెండు తప్పులు. ఆమె కుడివైపు తల తిప్పగా చూసినవాళ్లు లేరు. ఎందుకని అడిగితే, "అటు చూస్తే చెయ్యి ఆగుతుంది" అనేది.

ఒక సోమవారం బేకరీ ఆయన అట్టపెట్టె మోసుకుని వచ్చాడు. ఏడాదిన్నర కిందట ఇక్కడే ముప్పై పెట్టపిల్లల్ని కొన్న మనిషి. పెట్టె మూత తీయగానే ఎర్రగా బలిసిన తురాయితో ఒక కోడి యజమాని బల్ల మీదికి దూకి, మెడ సాచి కూసింది. గుమాస్తా కాగితాలు కిందపడ్డాయి.

"పెట్టలని ఇచ్చారు కదండీ. ఇదేమో మా వీధంతా లేపుతోంది. తక్కినవాటిని పొడిచి చంపుతోంది."

యజమాని కళ్లమ్మను పిలిపించాడు. "ఏమ్మా, కళ్లు కనబడుతున్నాయా?"

ఆమె కోడిని తిప్పి చూసింది. కాళ్ల వెనక ముళ్లు మొలిచాయి. వీపు మీద చెయ్యి వేస్తే మాత్రం పెట్టలు ఒదిగినట్టే ఒదిగి కూర్చుంది.

"ఇది పెట్టేనయ్యా. లోపల గుడ్ల తిత్తి చెడితే కొన్ని ఇలా మారతాయి. ఇంతకుముందొకటి చూశాను."

"పెట్ట కూసిందంటే నమ్మాలా? రేపు మీ గుమాస్తా గుడ్డు పెడతాడంటావు" అన్నాడు బేకరీ ఆయన.

గుమాస్తా నవ్వలేదు.

"ఇది మీ దగ్గర గుడ్లు పెట్టలేదా బాబూ?"

"ముప్పై ఉన్నాయమ్మా. గుడ్లు ఏరుకుంటాను గానీ, ఏది పెట్టిందో పక్కన కూర్చుని చూస్తానా?"

పిల్లల్ని ఏరే మనిషిని మారిస్తేనే మళ్లీ వస్తానని చెప్పి, కోడిని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

"కోసి చూపిస్తానయ్యా," అంది కళ్లమ్మ. "పెట్ట అయితే నా స్టూలు నాకు ఉంచండి."

"సరే, చూద్దాం."

ఇన్నేళ్లలో ఆమె ఏ కోడి మీదా కత్తి పెట్టలేదు. ట్రేలు కడిగే చోట కూర్చుని కోడిని ఒళ్లో పెట్టుకుంది. అది మళ్లీ ఒదిగింది. ఆ ఒదగడమే ఆమెకు చాలు. కానీ యజమానికి చాలదు.

పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎడమవైపు గుడ్ల తిత్తి ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి ఉంది. దాని కింద గుడ్డు దిగే గొట్టం, వెడల్పుగా, మడతలు పడి. పుంజుకు అది ఉండదు. యజమాని ముక్కు మూసుకుని చూశాడు.

"పెట్టే" అన్నాడు.

"చెప్పాను కదయ్యా."

"చెప్పావు. కాదనను. కానీ ఆయన ఈ పేగులు చూస్తాడా? ఆయన విన్నది కూత. మనిషిని మార్చానని ఇందాకే ఫోన్లో చెప్పేశాను." పళ్లెం పక్కకి తోసి, "నిన్ను వెళ్లగొట్టనులే. రేపటినుంచి సంచుల దగ్గర ఉండు" అన్నాడు.

మర్నాడు స్టూలు మీద ఇరవై రోజులు పని నేర్చుకున్న అమ్మాయి కూర్చుంది. కళ్లమ్మ కుడివైపు నిలబడింది. సంచిలో పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పైన పడ్డదాన్ని తీసి, కిటికీ వెలుగులో నొక్కి చూసింది.

"ఇది పెట్ట, అమ్మాయ్."

"నీ పెట్టలు కూస్తాయి కదా పిన్నీ" అంది అమ్మాయి. ట్రేలు మోసేవాళ్లు పకపకా నవ్వారు.

కళ్లమ్మ దాన్ని ఎడమవైపు ట్రేలో పెట్టింది. అమ్మాయి చూడకుండానే చెయ్యి చాపి, తీసి, కుడివైపుకి విసిరింది.

సంచి నిండింది. కళ్లమ్మ మూతికి తాడు చుట్టి, రెండు ముళ్లు వేసింది.