మోరీకి కావలసిన సంతకం

సివిల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని, ఆ సంగతి చెప్పుకోవడానికి మొహం చెల్లక, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్న రోజులవి. సివిల్‌కు స్కోప్ లేదని అందరూ అనేవారు. అందరికంటే గట్టిగా నేనే అనేవాణ్ణి.

మధురానగర్‌లో నా పక్క గదిలోకి ఒక ఇండోనేషియా ఆయన దిగాడు. అక్కడి ప్రభుత్వంలో సివిల్ ఇంజినీరు. నాలుగు నెలల శిక్షణకు పంపారట. నలభై ఏళ్ల మనిషి ఇంకా కాలువలూ కల్వర్టులూ అంటుంటే నాకు మహా జాలి వేసేది. "టెస్టింగ్ నేర్చుకోండి సార్, ఇప్పటికైనా మించిపోయింది లేదు," అని హితబోధ చేసేవాణ్ణి. ఆయన శ్రద్ధగా విని, ఇడ్లీలో ఇంకాస్త కారప్పొడి వేసుకునేవాడు.

వాన పడితే మా వీధి మోకాలి లోతు చెరువు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు వెంటనే బియ్యం బస్తాను మంచం మీదికి ఎక్కించేవాడు. "గా మోరీల నీళ్లు ఎప్పుడు పోయినయన్నా? మీరు ఫికర్ చేయకుర్రి, రెండు గంటలైతే అవే పోతయి," అనేవాడు.

ఇండోనేషియా ఆయన మాత్రం ఫికర్ చేశాడు. ఒక ఆదివారం మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు కొనుక్కొచ్చి, ఒక కొస నా చేతికిచ్చి వీధంతా నడిపించాడు. మా బ్యాచ్ వాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకునే పట్టుకున్నాను. వాన నీళ్లు దిగాల్సిన మురుగుకాలువ, అదే మోరీ, దాని నోరు రోడ్డుకంటే జానెడు ఎత్తున ఉందని తేలింది. నాలుగేళ్లు ఆ చదువే చదివిన నేను, రోజూ దాన్ని దాటుకుంటూ క్లాసుకు వెళ్తున్నాను.

ఆయన బొమ్మ గీసి, కొలతలు వేసి, అర్జీ రాశాడు. "నేను పరాయివాణ్ణి. ఇక్కడి ఇంజినీరు సంతకం పెట్టి మాసబ్ ట్యాంక్ మున్సిపల్ ఆఫీసులో ఇవ్వాలి. నువ్వున్నావుగా?" అన్నాడు. నన్ను ఇంజినీరన్న మొదటి మనిషి ఆయనే. ఆ రాత్రి ఎంత పొంగిపోయానో! సోమవారం ఆయన తన దేశం వెళ్లిపోయాడు. మంగళవారం నాకు మాక్ ఇంటర్వ్యూ. బుధవారం ఇంకేదో. అర్జీ నా ఫైల్లో పట్టా కిందికి చేరింది.

ఏళ్లు గడిచాయి. పంజాగుట్టలో అద్దాల మేడలో ఉద్యోగం. మా కంపెనీ మోరీల బాగోగులు చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, సివిల్ చదివానని నన్నే దానికి పెద్దను చేసింది. అది చూడటానికి విదేశీ బృందం వచ్చింది. ముందు నడుస్తున్న మంత్రి ఎవరో కాదు, నా పక్క గది ఇండోనేషియా ఆయనే. కాలువలు కట్టుకుంటూ కట్టుకుంటూ వాళ్ల దేశానికి మంత్రి అయ్యాడాయన. స్కోప్ లేదని చెప్పిన నేనే ఆయనకు కుర్చీ లాగి వేశాను.

తెర మీద హైదరాబాద్ పటం. బాగున్న మోరీకి ఆకుపచ్చ చుక్క, పాడైనదానికి ఎర్ర చుక్క. అన్నీ నేను కుర్చీలోంచి కదలకుండా డెమో కోసం ఊహించి పెట్టినవే.

"మధురానగర్ చూపించు," అన్నాడు మంత్రి.

చూపించాను. ఆకుపచ్చ.

ఆయన లేచి నా చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్లు చెమర్చాయి. "అర్జీ ఇచ్చావన్నమాట! నాకు తెలుసు. మీ ఓనరు ఇప్పుడు బియ్యం కిందే పెట్టుకుంటున్నాడా?"

మా మేనేజరు చప్పట్లు కొట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను. "అవును సార్," అన్నాను.

నేనింకా ఆ ఇంట్లోనే అద్దెకుంటున్నాను. మొన్నటి వానకు ఓనరుతో పాటు ఆ బస్తాను మంచం మీదికి ఎత్తింది నేనే.