విమానం ముందు కొట్టిన టెంకాయ

నా చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది గానీ, నేను చెయ్యెత్తందే విమానం కదలదని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. అబద్ధమేం కాదు. డెబ్బైల చివర్లో తిరుపతి బయట విమానాలు దిగేచోట నాది ఊడ్చే పని. ఇంజన్ల ముందు రాయీ రప్పా లేవని చూసుకుని నేను చెయ్యెత్తితే, అప్పుడు మెకానిక్కు స్టార్టు చేయించేవాడు.

"చిన్న రాయి చాలప్పా," అనేవాడాయన. "లోపల గిరగిరా తిరిగే చక్రానికి బ్లేడులుండాయి. ఒకటి ఇరిగిందంటే కత్తి మాదిరి రేకును చీల్చుకోని బయటికొస్తాది. పక్కన కూర్చోనుండేది మనుషులు."

ఆ మాట విన్నాక కలలో కూడా ఊడ్చేవాణ్ణి. ఎండకు నేల నీళ్లలా మెరిసేది. విమానం దానిమీద తేలుతూ వచ్చేది. వెనక కొండలు మెల్లగా ఊగేవి.

ఒకరోజు చిత్తూరు బెల్లం వ్యాపారి ఒకాయన తల్లిని మొదటిసారి విమానం ఎక్కించడానికి తెచ్చాడు. కొత్త లారీకి కొట్టినట్టే, ఎవరూ ఆపేలోగా ఇంజను ముందు టెంకాయ కొట్టేశాడు. ముక్కలు చెల్లాచెదురయ్యాయి. మెకానిక్కు ముఖం పాలిపోయింది.

"ఏందన్నా! దిష్టి తీసినావా, పెట్టినావా?" అన్నాను.

"మంచికే గదప్పా కొట్టింది!"

పాకుతూ ముక్కలు ఏరాను. అన్నీ దొరికాయని తెలిసేదెలా? రెక్క నీడలో తువ్వాలు పరిచి, ముక్కకు ముక్క ఆనించి టెంకాయను మళ్లీ కట్టసాగాను. గాలి కూడా ఆగి చూస్తున్నట్టుంది. కళ్లు మూడూ వచ్చాయి, బుర్ర వచ్చింది. పొట్ట దగ్గర మాత్రం చిన్న సందు.

"టయిమైంది, చెయ్యెత్తు," అన్నాడు ఆఫీసరు.

చెయ్యి లేవలేదు. "ఒక ముక్క యాడుండాదో తెలీదు సార్."

చక్రాల సందులు వెతికాం. నా జేబులూ వెతుక్కున్నాను. అంతలో వ్యాపారి తల్లి వచ్చి నా పక్కన చతికిలబడి, ఆ సందులోకి తొంగి చూసింది.

"దీనికా అబ్బోడా ఇంతసేపు దేవులాడేది?" అంటూ కొంగుముడి విప్పింది. "ఆడ పైన దేవుడికి దగ్గిరగా పోతా ఉండాను గదా, ఆయప్పకు పెడదామని ఎత్తిపెట్టుకున్నా."

"అవ్వా, ఇది ఇంజన్లో పడుంటే ఆయప్పే నీకు ఎదురొచ్చుండేవాడు!" అన్నాను.

ముక్క సందులో సరిగ్గా కూర్చుంది. దాన్ని మళ్లీ అవ్వ కొంగులోనే కట్టి, అందరూ ఎక్కాక చెయ్యెత్తాను.

ఇంజను గొణిగింది, తర్వాత తుమ్మెదలా ఒకే శ్రుతి పట్టింది. అందులో వేరే శబ్దం ఏదైనా వినిపిస్తుందేమోనని, విమానం చుక్కయి ఎండలో కరిగేదాకా చెవులు రిక్కించి నిలబడ్డాను. ఏమీ వినిపించలేదు. తువ్వాల్లో టెంకాయ, అవ్వ ముక్క మేరకు ఖాళీగా, ఇంకా తడిగానే ఉంది.