పసుపు మచ్చలో రెండు బొమ్మలు

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మూడు మాటలది. చెప్పడానికి క్షణం పట్టలేదు. దాని బరువు మాత్రం ఏటికేడూ పెరుగుతూ వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరగరు, నా పేరూ మీకు అక్కర్లేదు, అందుకే మీతో చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను సమర్థించుకోవడం మొదలుపెడితే నమ్మకండి. ఆ విద్యలో నాకు మంచి సాధన ఉంది.

మాది బందరు. తాతల నాటి నుంచీ మా ఇంట్లో గుమాస్తా ఉద్యోగాలే. శీను బావ నాకు చుట్టం కాదు. చదువుకునే రోజుల్లో ఒకరినొకరం బావా అని పిలుచుకోవడం మొదలైంది, అలా నిలిచిపోయింది. వాళ్లది దివిసీమలో, అవనిగడ్డ దగ్గర పల్లె. వ్యవసాయం ఉన్నా బావ గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆదివారం వస్తే ఇద్దరం కెమెరాలు పట్టుకుని రోడ్ల మీద పడేవాళ్లం. బజార్లో, బస్టాండులో, రేవులో, ఎవరి పని వాళ్లు చేసుకుంటున్న మనుషుల్ని ఉన్నది ఉన్నట్టు ఫోటో తియ్యాలని మా పిచ్చి. ఊళ్లో వాళ్లు మమ్మల్ని పనిలేని మంగళ్ల కింద జమకట్టారు.

అందరూ డిజిటల్‌కి మారుతున్న రోజులు. బందరులో ఒక పెద్దాయన స్టూడియో మూసేస్తూ, తను ముచ్చటపడి దాచుకున్న రెండు ఫిల్ము కెమెరాలు మా చేతిలో పెట్టాడు. కొన్నాళ్లు మార్చి మార్చి వాడి, ఎవరికేది నప్పుతుందో మీరే తేల్చుకోండని చెప్పాడు.

వాటి సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. ఒకటి చిన్నది, చొక్కా జేబులో పట్టేస్తుంది. దానికి ఉన్నది ఒకటే లెన్సు, మార్చడానికి వీల్లేదు. ఫోకస్ అదే చూసుకుంటుంది, చప్పుడు చెయ్యదు. ఎదుటివాడు తల తిప్పేలోపు ఫోటో అయిపోతుంది. రెండోది రేంజ్‌ఫైండర్. బరువుగా, ఇత్తడి చెంబులా ఉంటుంది. దాంట్లో లెన్సులోంచి చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. కిటికీ మధ్యలో పసుప్పచ్చగా ఒక మచ్చ ఉంటుంది. ఆ మచ్చలో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు మీది రింగు తిప్పుతుంటే ఆ ఇద్దరూ జరిగి జరిగి ఒకరిలో ఒకరు కలిసిపోతారు. కలిసిన చోట నొక్కితే ఫోటో స్పష్టంగా వస్తుంది. కలిశారా లేదా అని తేల్చాల్సింది మన కన్నే.

ముందు రేంజ్‌ఫైండర్ బావ వాడాడు. గిలకలదిండిలో వల బాగుచేసుకుంటున్న ఒకావిడని తీశాడు. ఫిల్ము మా ఇంట్లో బాత్రూములోనే కడిగి, బట్టలారేసే తీగకి వేలాడదీశాం. తడి ఇంకా ఆరలేదు, వెలుతురుకి పట్టి చూశాను. ఆవిడ మొహంలో ప్రతి ముడతా ఉంది. ఆవిడ బావని చూసి, చూడనిచ్చి, మళ్లీ తన పనిలో పడింది, అదంతా ఉంది ఆ బొమ్మలో. నాకు సంతోషం కలిగిందని చెప్పాలని ఉంది. కలగలేదు. కడుపు మండింది.

తర్వాత ఆ కెమెరా నా వంతుకొచ్చింది. గుడివాడ బస్టాండులో కిక్కిరిసిన బస్సు దిగుతుంటే భుజం మీది పట్టీ ఎవరి సంచికో చిక్కుకుంది. కెమెరా ఎగిరి సిమెంటు గట్టుకి కొట్టుకుంది. తీసి చూస్తే ఒక మూల చిన్న నొక్కు, అంతే. లోపల ఏమీ కాలేదని మనసుకి చెప్పుకున్నాను. ఆ రోజు తీసిన ఫిల్ము బావ లేనప్పుడు ఒక్కడినే కడిగాను. బెల్లం అమ్మే మనిషిని తీస్తే మనిషి మసకగా ఉన్నాడు, అతని వెనక గోడ మీది అక్షరాలు పదునుగా ఉన్నాయి. అన్ని బొమ్మల్లోనూ అదే తంతు. మచ్చలో బొమ్మలు కలుస్తున్నాయి గానీ లెన్సు మాత్రం ఇంకెక్కడో చూస్తోంది. దెబ్బకి లోపల ఏదో జరిగింది. అది నాకు ఆ రోజే తెలిసింది. ఈ వాక్యం రాయడానికే ఇన్నేళ్లు పట్టింది: నాకు తెలుసు.

చెబితే ఏమయ్యేది? బావ ఒక తిట్టు తిట్టి, నవ్వేసి, బాగుచేయించేవాడు. మరి ఎందుకు చెప్పలేదు? పెద్దాయన ముచ్చటగా ఇచ్చినదాన్ని పాడుచేశానని సిగ్గు అనుకుంటూ వచ్చాను. అది సగమే. మిగతా సగం ఆ తీగ మీద వేలాడిన ఫిల్ము.

ఏది ఎవరిదో తేల్చుకునే రోజు వచ్చింది. గుడివాడలో టీ కొట్టు ముందు నిలబడి బావ, "నాకేది నప్పుద్దో నువ్వే చెప్పు బావా, నీకు తెలీందేముంది" అన్నాడు. నేను చెప్పాను, ఎంత బాగా చెప్పానో ఇప్పటికీ గుర్తుంది. చిన్న కెమెరా దొంగచూపులు చూసేవాడికి పనికొస్తుందన్నాను. జేబులోంచి తీసి, నొక్కి, మళ్లీ జేబులో పెట్టుకుని పోయేవాడిది అది. నీది అలాంటి పద్ధతి కాదు, నువ్వు మనిషి దగ్గరికెళ్లి పలకరించి ఆగుతావు, ఆ ఆగడానికి రేంజ్‌ఫైండరే సరైన జోడీ అన్నాను. చెప్పిన ప్రతి మాటా నిజమే, ఇప్పటికీ ఎవరడిగినా అదే చెబుతాను. బావ మొహం వెలిగిపోయింది. దొంగచూపుల కెమెరా నేను జేబులో వేసుకున్నాను.

బావ తీసిన ఒక ఫిల్ము మసకగా వచ్చింది. చెయ్యి వణికి ఉంటుందని నవ్వాడు. ఇంకోటి వచ్చింది. అది చూసి నవ్వలేదు. నాకు లోలోపల హాయిగా ఉండేది. అది కూడా చెప్పేయాలి కదా. నా ఫోటోలు బాగుంటున్నాయని బావే మెచ్చుకుంటుంటే, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఇక్కడ బావ వాళ్ల నాన్నగారి గురించి చెప్పాలి. ఆయనకి నీటికాసులు. నలభై దాటాక చూపు మందగించి, కొన్నాళ్లకి పూర్తిగా పోయింది. వసారా నుంచి పెరట్లోకి ఒక తాడు కట్టి ఉండేది. దాన్ని పట్టుకుని నడిచేవారు. వంశంలో ఉంటే పిల్లలకీ వస్తుందని ఎవరో చెప్పగా బావ విన్నాడు. ఆ భయం నాతో ఒక్కసారే చెప్పాడు. ఒక్కసారి చెప్పినా నాకు బాగా గుర్తుంది, అదే నా దౌర్భాగ్యం.

ఫిల్ములు అలా వరసగా చెడుతున్న రోజుల్లో ఒక ఆదివారం పెడన స్టేషన్లో గుడివాడ వెళ్లే బండి కోసం కూర్చున్నాం. పొద్దున్న ఎండ ప్లాట్‌ఫారం మీద పరుచుకుంది. తప్పు తన కంటిదో కెమెరాదో తేల్చుకోవాలని బావ చాలాసేపు కెమెరా కంటికి ఆనించుకుని, ఊరి పేరు రాసిన బోర్డు స్తంభం వైపు చూస్తూ రింగు తిప్పాడు. తర్వాత రింగు కదలకుండా పట్టుకుని కెమెరా నాకిచ్చాడు.

"నువ్వు చూడు బావా. స్తంభాలు రెండూ కలిసినయ్యా?"

చూశాను. కలిశాయి. వెంట్రుకవాసి ఎడం లేదు.

ఆ క్షణంలో నేను ఏం ఆలోచించాను? కలిశాయంటే తప్పు కెమెరాదని తేలుతుంది. ఎప్పుడు చెడింది, ఎవరి దగ్గరున్నప్పుడు చెడింది అని అడుగుతాడు. లెక్కల మాస్టారు, ఒక్కో మెట్టూ దిగి నా దగ్గరికి వస్తాడు. ఇదంతా ఆలోచించానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది గానీ, నిజానికి అంత టైము లేదు. నోరే ముందు కదిలింది.

"లేదు బావా. కొంచెం ఎడంగా ఉన్నయ్."

అంతటితో ఆగలేదు. రింగు కాస్త తిప్పాను. మచ్చలో స్తంభం రెండుగా చీలింది. "ఇదిగో, ఇప్పుడు కలిసినయ్ చూడు" అని కెమెరా అతని చేతికిచ్చాను.

బావ చూశాడు. కెమెరా దించి కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నాకు రెండు కనిపిస్తన్నయ్ రా."

నేను నవ్వులాంటిది నవ్వాను. "అలిసిపోయావు, ఏం లేదులే" అన్నాను. బండి వచ్చింది. ఎక్కాం. బావ కిటికీ పక్కన కూర్చుని ఒక కన్ను మూసి, తెరిచి, ఇంకో కన్ను మూసి, తెరిచి, బయట పొలాల్ని చూస్తున్నాడు. గుడివాడ వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు. చెప్పడానికి నాకు అంత దారి దొరికింది, చెప్పలేదు.

కంటి డాక్టరు పరీక్ష చేసి ఏ జబ్బూ లేదన్నాడు. బావ నమ్మలేదు. "మా నాన్నకీ మొదట్లో ఇట్టాగే చెప్పారు" అన్నాడు. డాక్టరు కంటే స్నేహితుడి మాటే ఎక్కువైంది. నమ్మకం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది, తెలిసి ఏం లాభం.

అప్పటికి బావకి పెడనలో ఒక సంబంధం ఖాయమై ఉంది. వసంత, అక్కడే బళ్లో టీచరు. ఇద్దరికీ ఇష్టమై కుదిరిన సంబంధం. మాకు ఆనవాయితీ ఒకటుంది, మంచికైనా చెడుకైనా మాట చెప్పడానికి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకూడదు. వద్దని చెప్పడానికి బావ నన్ను తోడు తీసుకెళ్లాడు. వాళ్ల వసారాలో కుర్చీలు వేశారు, మంచినీళ్లిచ్చారు. మా అమ్మ పడ్డ పాట్లు ఇంకో ఆడపిల్ల పడకూడదండీ అని బావ తలొంచుకుని చెప్పాడు. ఆ అమ్మాయి తండ్రి వినలేదు. డాక్టరు ఏమీ లేదన్నాడుగా అని వాదించారు. "నా కళ్ల సంగతి మా వాడికి తెలుసండీ, అడగండి" అన్నాడు బావ. ఆయన నా వైపు తిరిగారు. వసంత గుమ్మం దగ్గర నిలబడి ఉంది, ఆమె కూడా నన్నే చూస్తోంది.

నేను అవునన్నట్టు తల ఊపాను.

మొదటి అబద్ధానికి పిరికితనం అని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పెట్టుకోను? అక్కడ నోరు విప్పి ఉంటే ఇద్దరి బతుకులు నిలబడేవి. నా పరువు ఒక్కటి పోయేది. ఆ తూకంలో నా పరువే బరువైందంటే, నేనేం మనిషిని? తర్వాత ఆమెకి ఏలూరు వైపు పెళ్లయిందని విన్నాను. బావ ఎవరినీ చేసుకోలేదు.

కెమెరా తెచ్చి నాకే ఇచ్చేశాడు. "నువ్వుంచుకో బావా, కళ్లున్నోడివి" అన్నాడు. దాన్ని చాలా ఏళ్ల తర్వాత మద్రాసులో బాగుచేయించాను. లోపల ఒక చిన్న మర, దాన్ని కాస్త తిప్పారు, అంతే. అక్కడే బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు కూడా నాకోసమే అయి ఉంటుంది.

పోయిన నెల దివిసీమ వెళ్లాను. బావ వాళ్ల అమ్మానాన్న పోయి చాలాకాలమైంది. ఉద్యోగం ఎప్పుడో మానేశాడు, పొలం కౌలుకిచ్చి ఒక్కడే ఉంటున్నాడు. నేను వెళ్లేసరికి కళ్లు మూసుకుని, తాడు పట్టుకుని పెరట్లో నడుస్తున్నాడు. తండ్రి కోసం కట్టిన తాడు కుళ్లిపోతే కొత్తది కట్టించుకున్నాడు. అలికిడికి కళ్లు తెరిచి దూరం నుంచే నన్ను గుర్తుపట్టాడు. లోపలికెళ్లి కాఫీ పెట్టాడు. పేపరు చేతికి తీసుకుని, కళ్లజోడు లేకుండా చిన్న అక్షరాలు చదివి వినిపించాడు.

"నాన్నకి కళ్లు పోయిన వయసు దాటి చాలా ఏళ్లయింది బావా. దేవుడు దయతలిచి ఇంకా ఉంచాడు. అయినా ఎప్పుడో ఒకరోజు పోయేయేగా, అలవాటు చేసుకుంటన్నా."

చెప్పేద్దామనే వెళ్లాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఇప్పుడు చెబితే ఏం ఇస్తాను అతనికి? కళ్లు ఎప్పుడూ బాగానే ఉన్నాయన్న కబురు మంచి కబురా? ఇన్నేళ్లూ, వసంత, ఉద్యోగం, ఆ తాడు, అన్నీ ఉత్తపుణ్యానికే అన్న కబురు కూడా దాంతోపాటే వెళ్తుంది. అతని మంచికే చెప్పలేదని అనుకుంటూ బస్సెక్కాను. పులిగడ్డ వంతెన దాటేసరికి నాకే అసహ్యం వేసింది. పెడన స్టేషన్లో కూడా నాకు ఇలాంటి కారణమే ఏదో దొరికి ఉంటుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అతన్ని అడిగే మొహం నాకు లేదు. రేపు ఈ కాగితాలు పట్టుకుని అవనిగడ్డ బస్సెక్కుతానని ప్రమాణం కూడా చెయ్యను. నా ప్రమాణాల విలువ ఇప్పటికే చూశారు. ఒక్కటి మాత్రం చెయ్యగలను. ఆ పొద్దున అతను అడిగిన ప్రశ్నకి ఇంతవరకూ నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి గుండె కాస్త తేలికపడింది. ఆ తేలికకి కూడా నాకు హక్కు లేదని తెలుసు.

కలిసినయ్ బావా. రెండూ కలిసినయ్. నేను చూశాను.